వడ్రంగి నాన్న గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అమ్మా,

మీరు అడిగింది ఇది: మీ నాన్నగారు చిన్నతనంలో ఎలమంచిలి వైపు నుంచి విశాఖ వచ్చి, కంచరపాలెంలో ఉంటూ నలభై ఏళ్ళకు పైగా వడ్రంగం చేశారు. ఆ మధ్య కన్నుమూశారు. సంవత్సరీకం నాటికి ఆయన మీద ఒక చిన్న పుస్తకం వేసి బంధువులకు పంచాలని మీకూ మీ తమ్ముడికీ కోరిక. తీరా రాయబోతే "కష్టజీవి, కుటుంబమే లోకంగా బతికాడు" అన్న రెండు ముక్కల దగ్గర కలం ఆగిపోతోంది. పని, ఇల్లు తప్ప ఆయన బతుకులో చెప్పుకోదగ్గ సంఘటనలు లేవు, ఏం రాయాలి? ఆయన పనిముట్ల పెట్టెను ఏం చెయ్యాలి?

నేను చిన్నప్పుడు ఉలి పట్టి, తరవాత చెక్కపని కాంట్రాక్టులు చేసి, ఇప్పుడు ఖాళీగా ఉన్నవాణ్ణి. మా పనివాళ్ళలో ఎవరైనా పోతే సంతాప సభలో చదవడానికి నాలుగు మాటలు రాసే బాధ్యత ఎప్పుడో నా నెత్తిన పడింది, ఇంకా దిగలేదు. ఆ అలవాటుతో చెబుతున్నాను.

పుస్తకానికి పని, ఇల్లు రెండూ చాలు. ఇబ్బంది ఎక్కడొస్తోందంటే, మీరు పనిని ఒక వాక్యంలో తేల్చేసి ఇంటి మీద ప్రేమను మిగతా పేజీల్లో పొగడాలని చూస్తున్నారు. కష్టజీవి అన్న మాట ఏ పెద్దకర్మ కార్డులోనైనా ఉంటుంది, ఫొటో మారిస్తే ఇంకొకరికి సరిపోతుంది. మీ నాన్నగారు మిమ్మల్ని ఎలా చూసుకున్నారో ఆయన ఏ పని ఒప్పుకున్నారు, ఏది వదులుకున్నారు, ఎప్పుడు అప్పు చేశారు, ఎవరి దగ్గర చేశారు అన్న వాటిలో ఉంటుంది. అందుకే ముందు పని లెక్క తియ్యండి. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు రెండో పేజీలో వేసుకోవచ్చు.

మొదట ఆయన చేసిన ఇళ్ళ జాబితా రాయండి. గుర్తున్నవి మీరు, మీ అమ్మగారు కూర్చుని రాస్తే ఒక పేజీ వస్తుంది. తరవాత ఆయన ఫోనులో నంబర్లు చూడండి. మా వాళ్ళు పేర్లతో ఎక్కించుకోరు, "మర్రిపాలెం మేడ", "ఎంవీపీ డాక్టరు గారు", "ఎన్‌ఏడీ మేస్త్రి", ఇలా ఉంటాయి. ఒక్కో నంబరు ఒక్కో ఇల్లు. టింబర్ డిపో వాళ్ళకు కూడా ఫోన్ చెయ్యండి. పాతవాళ్ళు అడితి అనేవారు. డిపో యజమాని పాతకాపు అయితే మీ నాన్నగారు ఏ ఏడు ఎవరి ఇంటికి ఎంత కలప ఎంచి ఇచ్చారో పుస్తకం తియ్యకుండానే చెబుతాడు.

తేదీల కోసం బెంగ పడొద్దు. ఇంటివాళ్ళకు వడ్రంగి పేరు గుర్తు లేకపోవచ్చు గానీ సింహద్వారం నిలబెట్టిన ముహూర్తం గుర్తుంటుంది. గృహప్రవేశం కార్డు ఏ బీరువాలోనో దొరుకుతుంది. ఆ కార్డు మీద ఉన్న తేదీకి ముందు కొన్ని నెలలు మీ నాన్నగారు ఆ ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. పది కార్డులు దొరికితే ఆయన జీవితంలో సగం ఏళ్ళకు తారీకులు పడ్డట్టే. ద్వారబంధం ఎత్తిన రోజున పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, కింద నవధాన్యాలు వేసి నిలబెడతారు కదా, ఆ ఫొటోల్లో అంచున బట్టల జత, తాంబూలం చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషి వడ్రంగి. ఆ ఆల్బములు అడిగి చూడండి. మీ ఇంట్లో లేని నాన్న ఫొటోలు వేరేవాళ్ళ ఇళ్ళల్లో ఉంటాయి.

తరవాత ఆ ఇళ్ళల్లో కనీసం నాలుగైదింటికి స్వయంగా వెళ్ళండి. వెళ్ళి "బాగుంది" అనుకుని వచ్చేస్తే లాభం లేదు. ఏం చూడాలో చెబుతాను.

సింహద్వారం పై మూలల్లో నిలువు చెక్కా అడ్డ చెక్కా కలిసే చోట గోరు పెట్టి చూడండి. పాతికేళ్ళ తరవాత కూడా గోరు దిగకపోతే ఆ పని చేసింది తొందర లేని మనిషి. బెజ్జంలోకి దిగే కొనను ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వదులుగా కోసి మేకులతో బిగిస్తే మొదటి ఏడాది ఎవరికీ తెలీదు, అయిదో ఏడు తలుపు కుంగినప్పుడు తెలుస్తుంది. కింద గడప దగ్గర వంగి చూడండి. చేవ ఉన్న చెక్క, అంటే మాను నడిమి గట్టి చెక్క వేశారా, పచ్చగా తెల్లగా ఉండే పైచెక్క కలిసిందా? చెదలు ముందు తినేది ఆ తెల్లచెక్కనే. యజమాని డబ్బు తక్కువిచ్చినా గడపకు మాత్రం చేవ చెక్కే వెయ్యాలని పట్టుబట్టే వడ్రంగులు ఉన్నారు. మీ నాన్నగారు ఆ రకమా కాదా అన్నది గడపే చెబుతుంది.

ఇప్పుడు ఒక స్టూలు తెప్పించుకుని ఎక్కి, తలుపు రెక్క పై అంచు మీద వేలు రాయండి. అది ఎవరికీ కనబడని చోటు. చాలామంది దాన్ని గరుకుగానే వదిలేస్తారు. విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్ళో గాలిలో తడి ఎప్పుడూ ఉంటుంది. చెక్క కొనల నుంచి నీరు తొందరగా పీలుస్తుంది, తలుపు ఉబ్బి వానాకాలంలో పట్టేస్తుంది. తెలిసినవాడు పై అంచుకూ కింది అంచుకూ కూడా పాలిష్ పట్టిస్తాడు. కింది అంచుకు పట్టించాలంటే తలుపు బిగించక ముందే పట్టించాలి, అంటే ఒక రోజు ఆగాలి. ఆ రోజుకు కూలి ఎవరూ ఇవ్వరు. మీ వేలికి నున్నగా తగిలితే ఆ సంగతి పుస్తకంలో రాయండి. "నిజాయితీపరుడు" అన్న మాట ఇక అక్కర్లేదు.

పలకల తలుపైతే ఇంకో ముచ్చట ఉంది. చెక్క పొడుగు వైపు పెరగదు, తగ్గదు అనుకోవచ్చు. అడ్డంగా మాత్రం తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. అందులోనూ చెట్టు వలయాల వెంట కదిలేది, వలయాలకు అడ్డంగా కదిలే దానికి దాదాపు రెండింతలు. అందుకే మధ్య పలకను చట్రంలో జిగురుతో అంటించకూడదు, గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి. అంటిస్తే ఏదో ఒక చలికాలం పలక నిలువునా చీలుతుంది. గాలి పొడిబారే రోజుల్లో వెళ్ళి చూస్తే, పలక అంచున పాలిష్ తగలని సన్నటి గీత కనబడుతుంది. చూసినవాళ్ళు అది లోపం అనుకుంటారు. పలకకు కదిలే జాగా ఉందనడానికి అదే సాక్ష్యం.

బీచ్‌కు దగ్గరి ఇళ్ళల్లో మేకులు, మరలు చూడండి. ఇనుము వాడితే ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, మద్ది లాంటి కర్రలో మేకు చుట్టూ నల్లమచ్చ కూడా కడుతుంది. తలుపు బందులకు ఇత్తడి మరలు వేయించిన వడ్రంగి యజమానితో ఎంత వాదించి ఉంటాడో నాకు తెలుసు.

ఇక నోటుపుస్తకాలు. మీ నాన్నగారి పెట్టెలో జేబు పుస్తకాలు ఉన్నాయనీ, అన్నీ అంకెలేననీ, అర్థం కాక పక్కన పెట్టామనీ రాశారు. అవే అన్నిటికంటే విలువైనవి. "7 - 5 - 3" అని ఉంటే 7 అడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి, మా భాషలో సీఎఫ్‌టీ. 7 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు ద్వారబంధం అనుకోండి: నిలువు రెండూ 14, పైది 4, గడప 4, మొత్తం 22 అడుగులు. 5, 3 అంగుళాల చెక్కకు 330ని 144తో భాగిస్తే సుమారు 2.3 సీఎఫ్‌టీ. పుస్తకంలో 2.3కు బదులు 2.6 అని రాసి ఉంటే కంగారు పడకండి, అది కోతకూ, నున్నగా చేసే చిత్రికకూ పోయే తరుగు.

దుంగల లెక్క వేరేగా ఉంటుంది. చుట్టుకొలతలో నాలుగోవంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవున్న దుంగకు ఈ లెక్కన 10 ఘనపుటడుగులు వస్తాయి. బడిలో నేర్పిన వృత్తం లెక్కన అయితే దగ్గర దగ్గర 12.7. తేడా ఎందుకంటే, గుండ్రటి దుంగను చదరం చేస్తే అంచుచెక్కలు పోతాయి కాబట్టి పాతకాలం నుంచి వ్యాపారంలో ఆ లెక్కే నడిచింది. అయిదో తరగతి దాటని మనిషి ఇదంతా నోటితో చేసేవాడని మీరు రాస్తే, పక్కన ఒక పేజీ ఫొటో వెయ్యండి. చదివినవాళ్ళు తామే ఒకసారి గుణించి చూసుకుంటారు.

అంకెల పక్కన పేర్లుంటాయి, పేర్ల పక్కన అడ్వాన్సు, బాకీ. కొట్టెయ్యని బాకీలు కూడా ఉంటాయి. ఇవ్వకుండా ఎగ్గొట్టినవాళ్ళ పేర్లు అచ్చు వెయ్యకండి, వాళ్ళ పిల్లలు చదువుతారు. కానీ రాని బాకీలు ఉన్నాయన్న నిజం మాత్రం దాచొద్దు. ఎంత రాలేదో కూడి, ఆ ఏడు కలప ధరతో కలిపి రాస్తే మీ ఇంట్లో ఆ సంవత్సరం ఎందుకు అలా గడిచిందో తెలుస్తుంది.

ఇళ్ళ జాబితా, నోటుపుస్తకాలు చేతికొచ్చాక వాటిని ఊరి కథ పక్కన పెట్టి చూడండి. విశాఖలో చెక్కపనికి ఒక్కో కాలంలో ఒక్కో గిరాకీ. మీ నాన్నగారికి పని నేర్పిన మేనమామ షిప్‌యార్డులో చేసేవాడన్నారు. ఆ యార్డుకు 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు, 1948 మార్చిలో 'జల ఉష' ఓడను నెహ్రూ గారు నీళ్ళలోకి వదిలారు. ఉక్కు ఓడకు వడ్రంగి ఎందుకని మీ పిల్లలు అడుగుతారు. ఆ రోజుల్లో ఓడ గీతలను పెద్ద హాలు నేల మీద అసలు సైజులో గీసి, వాటి ప్రకారం చెక్కతో అచ్చులు కోసి, ఆ అచ్చులను బట్టి ఉక్కు రేకులు వంచేవారు. ఓడ కింద దన్నుగా పెట్టే దిమ్మలూ కలపవే. మేనమామ ఆ పనిలో ఉండి ఉంటే, మీ నాన్నగారికి గీత సన్నగా గియ్యడం, గీత మీద కాకుండా గీత పక్కన కొయ్యడం ఎక్కడ అబ్బిందో ఊహించవచ్చు. అయితే "ఊహ" అని రాసే ఊహించండి.

ఆ తరవాత ఉక్కు కర్మాగారం. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు పునాదిరాయి వేశారు, జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు. ఈ రెండు తేదీల మధ్య ఉక్కునగరం క్వార్టర్లు లేచాయి, గాజువాక పల్లె రూపు పోయి పట్నం అయింది. మీ నాన్నగారు పని మొదలుపెట్టిన కాలం ఇదే కాబట్టి, క్వార్టర్ల తలుపులు వందల లెక్కన చేసిన ముఠాల్లో ఉన్నారేమో కనుక్కోండి. ఒకే కొలత తలుపు రోజూ చెయ్యడం విసుగు పని. కానీ బట్వాడా, అంటే కూలి డబ్బు, శనివారం శనివారం వచ్చేది. ఒంటరిగా ఉన్న కుర్రాడు ఆ పని ఎక్కువ రోజులు చెయ్యడు, పెళ్ళయినవాడు చేస్తాడు. మీ అమ్మగారితో పెళ్ళి ఏ ఏడో, ఈ పనిలో చేరింది ఏ ఏడో పక్కపక్కన పెట్టి చూడండి.

కార్ఖానాల్లో నమూనాల పని చేశారేమో కూడా అడగండి. పోతపోసే ఇనప వస్తువుకు ముందు చెక్కతో నమూనా చెయ్యాలి. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుంటుంది, పోత ఇనుము నూటికి ఒక వంతు, ఉక్కు ఇంచుమించు రెండు వంతులు. అందుకని నమూనా ఆ మేరకు పెద్దగా చెయ్యాలి. దానికి ప్రత్యేకంగా కొంచెం పెద్ద అంగుళాలున్న స్కేలు వాడతారు. పెట్టెలో మామూలు టేపుతో సరిపోలని స్కేలు కనబడితే అది పాడైపోయిందని పారెయ్యకండి.

ప్లైవుడ్, సన్‌మైకా వచ్చి పని పద్ధతి మారిన కాలం, కరెంటు మిషన్లు వచ్చిన కాలం, కిటికీలకు అల్యూమినియం వచ్చిన కాలం, వీటిని ఒక్కో పేరాలో దాటెయ్యవచ్చు. ఒక్క ప్రశ్న మాత్రం వెయ్యండి: ప్లైవుడ్ పని ఆయన ఇష్టంగా చేశారా, పిల్లల చదువుల కోసం చేశారా? నాకు తెలిసిన పాతతరం వాళ్ళు చాలామంది దాన్ని "అతుకుల పని" అని తీసిపారేస్తూనే బతుకు కోసం నేర్చుకున్నారు.

2014 అక్టోబర్ 12 మాత్రం తొందరగా దాటొద్దు. హుద్‌హుద్ తుపాను వచ్చిన వారం విశాఖలో వడ్రంగికి నిద్ర లేదు. గాలికి కిటికీ రెక్కలు ఎగిరిపోయినవాళ్ళు, చెట్టు పడి కప్పు విరిగినవాళ్ళు, అందరికీ అదే రోజు మనిషి కావాలి. కరెంటు లేదు కాబట్టి మిషన్లు మూలన పడ్డాయి, మళ్ళీ చేతి రంపమే. యాభై దాటిన పనివాళ్ళ విలువ ఆ వారంలో కుర్రాళ్ళకు తెలిసింది. ఆయన ముందు ఎవరి ఇంటికి వెళ్ళారో, ఎవరి దగ్గర కూలి తీసుకోలేదో, సొంత ఇంటి కప్పు ఎప్పుడు బాగు చేసుకున్నారో మీ అమ్మగారిని అడగండి. చివరి దానికి సమాధానం నేను ఊహించగలను. వడ్రంగి ఇంటి తలుపు మిగిలిపోయిన ముక్కలతో, అందరి తరవాత అవుతుంది.

ఇక ఇల్లు. ఇక్కడే చాలామంది జారిపోయి "మమ్మల్ని కంటికి రెప్పలా చూసుకున్నారు" అని రాసేస్తారు. మీరు క్యాలెండరు తియ్యండి. ఆషాఢంలో గుమ్మం ఎత్తరు, గృహప్రవేశాలు ఉండవు. మూఢం వస్తే మళ్ళీ అంతే. భాద్రపదం, పుష్యం కూడా మందకొడే. ఆషాఢం వచ్చేది జూన్, జూలైలలో. బడులు తెరిచేది జూన్‌లో. అంటే ఏటా మీ ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంల ఖర్చు వచ్చిపడే వేళకు ఆయన చేతిలో పని పలచబడేది. పైగా అప్పుడే వానలు. మరి ఏ ఏడూ మీరు ఫీజు కట్టక బయట నిలబడ్డట్టు గుర్తు లేదంటే, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? చీటీ పాట పాడారా, డిపోలో అడ్వాన్సు తీసుకున్నారా, మీ అమ్మగారి గాజులు కుదువ పెట్టారా, శ్రావణంలో విడిపించారా? ఇది మీ అమ్మగారికి ఏడాది ఏడాది వరసగా గుర్తుంటుంది. అడగండి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండి. ఈ ఒక్క అధ్యాయం రాస్తే "కుటుంబమే లోకం" అన్న వాక్యాన్ని మీరే కొట్టేస్తారు.

సారె గురించి కూడా రాయాలి. మన వైపు ఆడపిల్లకు సారె పెట్టడం ఎంత పెద్ద సంగతో మీకు చెప్పక్కర్లేదు. కూతురి మంచం వడ్రంగి బయట కొనడు. ఆ మంచానికి ఏ కర్ర వాడారు, ఎప్పుడు కొన్నారు? టేకు పలకలు పెళ్ళికి ఏళ్ళ ముందే కొని అటక మీద ఆరబెట్టేవాళ్ళను నేను చూశాను. మీది ఇప్పుడు హైదరాబాదు ఫ్లాటులో ఉందన్నారు కదా, పరుపు ఎత్తి పట్టీల కింద చూడండి. పెన్సిలుతో ఏదైనా గుర్తో, తేదీయో ఉండొచ్చు. మా వాళ్ళు ముక్కలు తారుమారు కాకుండా గుర్తులు వేస్తారు, చెరపరు.

ఆయన ఒంటి గురించి కూడా రాయాలి. వేళ్ళలో ఏది పొట్టిదయింది, ఎప్పుడు, ఎవరి ఇంట్లో? సాయంత్రం ఇంటికి రాగానే ముందు ఏం చేసేవారు? దగ్గు ఉండేదా? చెక్కపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. మా పనివాళ్ళలో ముక్కుకు గుడ్డ కట్టుకునే అలవాటు ఇప్పటికీ తక్కువే. ఆయన జబ్బుకూ దీనికీ ముడిపెట్టకండి, అది డాక్టరు చెప్పాల్సిన మాట. దగ్గు ఉంటే ఉందని రాయండి, చాలు. పుస్తకం చదివిన కుర్ర వడ్రంగి ఎవడైనా మాస్కు కొనుక్కుంటే మంచిదే.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళను తప్పకుండా కలవండి, ఒక్కొక్కరినీ విడిగా. గుంపులో అందరూ "గురువు గారు దేవుడు" అంటారు. విడిగా కూర్చోబెట్టి టీ పోయిస్తే, చెక్క పాడుచేసినప్పుడు ఏమన్నారు, ఎన్నాళ్ళకు ఉలి చేతికిచ్చారు, ఎందుకు కోపం వచ్చి ఒకణ్ణి పంపేశారు అన్నీ బయటికొస్తాయి. కోపిష్టి అని ఇద్దరు ముగ్గురు చెబితే అదీ రాయండి. మందు అలవాటు ఉండి మానేసి ఉంటే, మీ అమ్మగారు ఒప్పుకుంటే, మానేసిన సంవత్సరం రాయండి. ఆవిడ వద్దంటే వద్దు. ఇందులో ఆవిడ మాటే ఆఖరు, మీ తమ్ముడి మాట కాదు.

అరువు గొప్పలు తేవొద్దు. ఎలమంచిలి వైపు అనగానే బంధువుల్లో ఎవరో ఏటికొప్పాక బొమ్మల ప్రస్తావన తెస్తారు. అది వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిణె మీద తిప్పి చెక్కి లక్క రంగులద్దే వేరే విద్య, 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీ నాన్నగారు తరిణె పట్టకపోతే దాన్ని ఆయన ఖాతాలో వెయ్యకండి. ఇంకొకరు, 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్ళు ఏనుగు దంతం పొదిగి చేసిన పెట్టెలు లండన్ మ్యూజియంలో ఉన్నాయంటారు. నిజమే, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అవి ఆనాటి దొరల ఇళ్ళకు చేసినవి. మీ నాన్నగారు చేసింది మర్రిపాలెంలో గుమాస్తా ఇంటి తలుపు. మీ పుస్తకానికి ఆ తలుపే కావాలి.

పనిముట్ల పెట్టె సంగతి. పంచే ముందు ఒక్కోదాన్నీ తెల్లగుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తియ్యండి. ఉలులు పొడవు వరసలో పేర్చండి. ఒకే వెడల్పు ఉలులు రెండుంటే, ఎక్కువ పొట్టిదయినది ఆయన చేతికి అలవాటైనది, సాన పెట్టి పెట్టి అరిగిపోయింది. చిత్రిక పిడి మీద బొటనవేలు పడే చోట గుంట ఉంటుంది. దాన్ని సాండ్‌పేపర్ పెట్టి నున్నగా చెయ్యకండి, పైన వార్నిష్ కొట్టించకండి. గాజుపెట్టెలో పెట్టి హాల్లో వేలాడదీస్తామని కొందరంటారు, నాకు నచ్చదు. అయినా మీ ఇష్టం.

తుప్పు పట్టిన ఇనుము మీద కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక మిషన్ ఆయిల్ పలచగా రాయండి. విశాఖలో ఉంచితే రెండు మూడు నెలలకోసారి మళ్ళీ రాయాలి. కొబ్బరి నూనె వద్దు. చెక్క పిడులను నీళ్ళతో కడగొద్దు. పెట్టెను నేల మీద కాకుండా రెండు ముక్కల మీద ఎత్తి ఉంచండి, చెద వస్తే ముందు అడుగు నుంచే వస్తుంది.

ఎవరికి ఇవ్వాలంటే, చెక్క చెక్కే బాడిస, పెద్ద రంపం, బెజ్జాలు వేసే బర్మా లాంటివి ఇంకా పని చేస్తున్న శిష్యుడికి ఇచ్చెయ్యండి. అరిగిన ఉలి ఒకటి మీరు, మూలమట్టం మీ తమ్ముడు ఉంచుకోండి. ఇచ్చేది దసరా ఆయుధపూజ నాడు ఇస్తే తీసుకునేవాడికీ బాగుంటుంది. డబ్బు తీసుకోకండి. అతను ఊరికే పుచ్చుకోనని మొండికేస్తే రూపాయి తీసుకోండి, పనిముట్టు ఉచితంగా పుచ్చుకోకూడదని మా వాళ్ళలో కొందరికి పట్టింపు.

రాసేటప్పుడు ఆయన మాటలను మార్చకండి. "నూలు తేడా", "చేవ", "చిత్రిక", "సీఎఫ్‌టీ", "బట్వాడా" అన్నీ అలాగే ఉంచండి. హైదరాబాదు పిల్లలకు అర్థం కాదని పక్కన వివరణలు పెట్టకండి, ఆ వాక్యం తరవాతి వాక్యంలోనే అర్థమయ్యేలా రాస్తే చాలు. నలభై పేజీలు దాటొద్దు. అందులో పది పేజీలు ఇళ్ళ జాబితాకు వదలండి: పేట, ఏడు, ఏ కర్ర, ఏం చేశారు. ఇంటి యజమాని ఒప్పుకుంటేనే పేరు వెయ్యండి, లేకపోతే పేట పేరు చాలు. బంధువులు ఆ పది పేజీలు చదవరేమోనని భయపడతారు. నేను చూసినంతలో అందరూ ముందు తిప్పి చూసుకునేవి అవే, తమ ఇల్లు ఉందా లేదా అని.

గడువు విషయంలో జాగ్రత్త. సంవత్సరీకం తిథిని బట్టి పెడతారు, తేదీని బట్టి కాదు. చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులే కాబట్టి పోయిన తేదీకి పది పదకొండు రోజుల ముందే వచ్చేస్తుంది. మధ్యలో అధికమాసం పడితే ఆ తేదీ దాటాక వస్తుంది. పురోహితుణ్ణి ఇప్పుడే అడిగి రోజు రాసుకోండి, ప్రెస్సుకు దానికి నెల ముందు ఇవ్వండి. కొలతలున్న పేజీల ప్రూఫు మీరు దిద్దితే చాలదు, పెద్ద శిష్యుణ్ణి పిలిచి పైకి చదివి వినిపించండి. 5 అంగుళాల దగ్గర 5 అడుగులు పడితే మీకు కనబడదు, అతను మధ్యలోనే ఆపేస్తాడు.